పారకూ పుట్టిల్లు ఉంది

వార్షికోత్సవ సంచిక వేస్తున్నామని, పాత విద్యార్థులు కూడా ఏదో ఒకటి రాసి పంపాలని మన హాస్టల్ నుంచి కబురు వచ్చింది. కవిత రాయడం మాకు రాదు. విజయగాథ రాసుకునేంత విజయం ఇంకా చేతికి అందలేదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మాతోనే మొదలు. అయినా ప్రస్తుతం కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు చదువుకుంటున్న మామూలు విద్యార్థులమే. కాబట్టి మనందరి చేతుల్లోనూ తిరిగిన ఒక వస్తువు గురించి, ముఖ్యంగా దాని పేరు గురించి నాలుగు మాటలు రాద్దామనుకున్నాం. ఆ వస్తువు పార.

నవ్వకండి తమ్ముళ్ళూ. పార గురించి రాయడానికి ఏముంది, తవ్వడానికే గదా అనుకోవద్దు. ఆ రెండక్షరాల వెనక చాలా ఊళ్ళు ఉన్నాయి, కొన్ని దేశాలు కూడా ఉన్నాయి. పుస్తకాల్లో మేము చదివింది, ఇంట్లో విన్నది కలిపి చెబుతాం.

ముందుగా మన తోట సంగతి. హాస్టల్ వెనక జాగాలో మునగ చెట్టు, రెండు బొప్పాయిలు, కరివేపాకు, ఒక వరుస బంతి మొక్కలు ఉండేవి. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక శ్రమదానం. ఉన్నది ఒక పార, ఒక గడ్డపార, రెండు తట్టలు. పిల్లలం ఇరవై మందికి పైనే. పార వంతు కోసం కొట్లాడుకునేవాళ్ళం. పార కామ వదులైతే రాత్రిపూట బకెట్ నీళ్ళలో తలకిందులుగా నానబెట్టేవాళ్ళం. కర్ర ఉబ్బి తెల్లారేసరికి బిగుసుకునేది. ఈ కిటుకు ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, ఇళ్ళ దగ్గర నుంచి తెచ్చుకున్నది. కర్రను కామ అంటారన్న సంగతి కూడా అంతే. పాఠ్యపుస్తకం పార బొమ్మ వేసి కింద ‘పార’ అని రాసి ఊరుకుంది. దానికి కామ ఉంటుందని మాకు చెప్పింది మా అమ్మానాయనలు.

అదే పార తరగతి గదిలోకి వచ్చేసరికి తిట్టయ్యేది. లెక్క తప్పినా, పద్యం అప్పజెప్పకపోయినా, “నువ్వు పార పట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరావురా” అనే మాట మనలో వినని వాళ్ళు ఉండరు. ఫలానా బడిలో ఫలానా వాళ్ళు అన్నారని మేము చెప్పడం లేదు. ఆ మాట అన్నిచోట్లా ఉంది, అనేవాళ్ళకు అందులో తప్పు కూడా కనిపించదు. కానీ అది విన్నప్పుడు మాకు గుర్తొచ్చేది సరిగ్గా ఆ గంటలో ఎవరిదో మిరప చేలో పార పట్టుకుని ఉన్న మా నాయన. తిట్టింది మమ్మల్ని, తగిలింది ఆయనకు. ఆయనకు తెలియకుండానే ఆయన పని మా ముందు చులకనయ్యేది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

మన చర్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఒక పక్క గోదావరి, ఒక పక్క ఛత్తీస్‌గఢ్ అడవి, పెదమిడిసిలేరు దగ్గర ఇరవై అయిదు గేట్ల తాలిపేరు. నీళ్ళున్న చోట వరి, లేని చోట మిరప. మిరప కోతల కాలం వస్తే సరిహద్దు అవతలి నుంచి కూడా కూలి జనం మన చేలకు వస్తారు. ఈ పనులన్నిటికీ ముందు పార కావాలి. మడి కట్టు వేయాలన్నా, కాలవ గండి పూడ్చాలన్నా, మిరప బోదెలు ఎక్కదోయాలన్నా పారే. మన మండలం ఖమ్మం జిల్లాలో ఉన్నప్పుడు, అంటే 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడక ముందు, ఉపాధి హామీ పని మొదటి విడతలోనే 2006లో ఇక్కడికి వచ్చింది. మా వాడలో దాన్ని కరువు పని అనేవాళ్ళు. మగవాళ్ళు పలుగూ పారా, ఆడవాళ్ళు తట్టలు. మేము నడక నేర్చుకున్నది ఆ గుంటల గట్ల మీదే అని మా అమ్మ చెబుతుంది.

ఇక పేరు సంగతికి వద్దాం.

మా ఇంట్లో గునపాన్ని ‘గడపార’ అంటారు. హైస్కూల్లో ఒకసారి వ్యాసంలో అలాగే రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి ‘గడ్డపార’ అని దిద్దారు. పుస్తకాల్లో ఉన్నది గడ్డపారే కాబట్టి దిద్దిన వాళ్ళను మేము ఏమీ అనం. అయితే అప్పటి నుంచి ఒక ప్రశ్న మాతోనే ఉండిపోయింది. గునపం సన్నగా, పొడుగ్గా, కడ్డీలా ఉంటుంది. పార వెడల్పుగా, రేకులా ఉంటుంది. చూడటానికి రెండింటికీ పోలికే లేదు. ఒకటి గుచ్చుతుంది, ఒకటి లాగుతుంది. మరి గునపానికి గడ్డ‘పార’ అని పార పేరు ఎందుకు పెట్టారు?

ఎం.ఏ.లో భాషాశాస్త్రం పాఠాలు మొదలయ్యాక ఈ ప్రశ్న మళ్ళీ లేచింది. మిత్రులతో చర్చకు పెట్టాం. ఒక మిత్రుడు వెంటనే తేల్చేశాడు. “పారు అంటే ప్రవహించు. నీళ్ళు పారించేది కాబట్టి పార. నీటిపారుదల అనడం లేదా?” వినడానికి బాగుంది. తాలిపేరు కాలవ గట్టు మీద పార భుజాన వేసుకుని నీళ్ళు మళ్ళించే మనిషిని చూసిన ఎవరికైనా బాగానే ఉంటుంది. కానీ గడ్డపారతో ఎవరూ నీళ్ళు పారించరు గదా! పేరు పుట్టింది నీళ్ళలోనే అయితే గునపానికి ఆ పేరు అంటదు. వినసొంపుగా ఉన్నంత మాత్రాన అది వ్యుత్పత్తి కాదని మాకు అర్థమైంది.

జవాబు మన పొరుగు భాషల్లో దొరికింది. టి. బరో, ఎం.బి. ఎమెనో అనే ఇద్దరు పండితులు దక్షిణాది భాషల మాటలన్నిటినీ పక్కపక్కన పెట్టి 1961లో ఒక నిఘంటువు వేశారు. 1984లో దాన్ని సవరించి మళ్ళీ అచ్చు వేశారు. మాటలకు కూడా అన్నదమ్ములు, మేనమామలు ఉంటారని అలాంటి పుస్తకం చూస్తేనే తెలుస్తుంది. తమిళంలో ‘పారై’ అనే మాట ఉంది, ‘కడప్పారై’ కూడా ఉంది. మలయాళంలో ‘పార’. కన్నడంలో ‘హారె’. కన్నడంలో పాత ‘ప’ చాలాచోట్ల ‘హ’ అయింది. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి హులి, మన పల్లె హళ్ళి. అలాగే పార హారె అయింది. ఇంతవరకు వింత లేదు. అసలు వింత అర్థంలో ఉంది. ఈ మూడు భాషల్లోనూ ఆ మాటకు అర్థం మనం అనుకునే పార కాదు, గునపం!

అంటే మన పొరుగువాళ్ళు ముగ్గురూ గునపాన్ని పార అంటుంటే, మనం ఒక్కళ్ళమే వెడల్పాటి పనిముట్టును పార అంటున్నాం. ముగ్గురూ ఒక మాట మీద ఉన్నారు కాబట్టి గునపం అర్థమే పాతదని అనుకోవడం న్యాయం. దానికి మన ఇంట్లోనే ఒక సాక్షి కూడా ఉంది. ఆ సాక్షి గడ్డపార. విడిగా ఉన్న ‘పార’ కొత్త పనిముట్టు వైపు జరిగిపోయినా, గడ్డపార అనే జంట మాటలో మాత్రం ఆ పాత అర్థం అలాగే నిలిచిపోయింది. చిన్నప్పటి మా ప్రశ్నకు జవాబు ఇదీ. గునపానికి పార పేరు పెట్టలేదు. గునపం పేరే పారకు వచ్చింది.

ఇంకొక్క సంగతి. తమిళం మాట కడప్పారైని పైకి అని చూడండి. మా ఇంట్లో అనే గడపారకు అది ఎంత దగ్గరగా ఉందో! ఎర్ర సిరా కింద పడిన మాటకు తమిళదేశంలో ఒక అన్న ఉన్నాడు. చదువురాని మా నాయనమ్మ నోట్లో తిరిగిన మాట తప్పుడు మాట కాదు, బంధుత్వం ఉన్న మాట. ఈ సంగతి తెలిసిన రోజు లైబ్రరీలో మా పక్కన ఎవరూ లేరు. ఉంటే గట్టిగా చెప్పి ఉండేవాళ్ళం.

అర్థం ఎందుకు జరిగిందని మీరు అడగవచ్చు. పేర్లు ఆకారాన్ని బట్టి కంటే పనిని బట్టి నడుస్తాయని మాకు తోస్తుంది. మనిషి నేలను మొదట తవ్వింది మొన తేలిన కర్రతో. నాగలి, వెడల్పు రేకు పార ఆ తర్వాత వచ్చినవి. మన చుట్టుపక్కల ఇప్పటికీ తేగలు తవ్వాలంటే, అడవిలో గడ్డలు తవ్వాలంటే పార పనికిరాదు, గడపారే కావాలి. బడిలో మాతో చదివిన కోయ మిత్రులకు ఈ సంగతి మాకంటే బాగా తెలుసు. తవ్వే ఇనుముకు ఉన్న పేరు, పనిముట్టు మారినా పని అదే కాబట్టి, కొత్తదానికి కూడా అంటుకుంది. చేతిలో ఉన్నది మారినా మనిషి నోట్లో ఉన్న మాట అంత తొందరగా మారదు.

మన దగ్గర ఉన్న మిగతా పేర్లు కూడా ఒకసారి చూడండి. దోకడం అంటే గీకడం, అందుకే గడ్డి చెక్కేది దోకుడుపార. తవ్వే కోల కాబట్టి తవ్వుకోల. ఏ పండితుడూ కూర్చుని పెట్టిన పేర్లు కావు. చెమట తుడుచుకుంటూ పెట్టిన పేర్లు. పేరు వింటే చాలు, పని తెలిసిపోతుంది.

నిఘంటువుల్లో పారకు ఇంకో పేరు కనిపించింది: గుద్దలి. కన్నడంలో ఇది ఇప్పటికీ బాగా వాడుకలో ఉంది. అక్కడ ఏదైనా కట్టడానికి శంకుస్థాపన చేస్తే ‘గుద్దలి పూజె’ అంటారు. సంస్కృతంలో ఇదే కుద్దాలం, హిందీలో కుదాల్, బెంగాలీలో కోదాల్. చర్ల నుంచి బయలుదేరి ఎటు వెళ్ళినా పార పట్టిన మనిషి, ఆ పనిముట్టుకు చుట్టమయ్యే పేరు ఎదురవుతాయన్న మాట.

ఈ కుద్దాలం పేరుతో బౌద్ధుల జాతక కథల్లో ఒక కథ ఉంది. కుద్దాల జాతకం. ఖమ్మం దగ్గరి నేలకొండపల్లిలో బౌద్ధ స్తూపం ఉంది, మీలో కొందరు విహారయాత్రకు వెళ్ళి చూసే ఉంటారు. ఒకప్పుడు అలాంటి చోట్ల భిక్షువులు చెప్పుకున్న కథలు ఇలాంటివే. కాశీలో ఒక తోటమాలి ఉండేవాడు. అతని ఆస్తి అంతా ఒక్క పార. దానితోనే కొంచెం నేల బాగుచేసుకుని ఆకుకూరలు, గుమ్మడి, దోస పండించి అమ్ముకునేవాడు. అందుకే జనం అతన్ని కుద్దాల పండితుడు అన్నారు, అంటే పార పండితుడు. ఒకరోజు ఇల్లు విడిచి సన్యాసం పుచ్చుకున్నాడు. కానీ దాచిపెట్టిన ఆ మొండి పార గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాడు. ఇలా ఆరుసార్లు వెళ్ళాడు, ఆరుసార్లు వచ్చాడు. ఏడోసారి ఏటి ఒడ్డున నిలబడి, పడిన చోటు కనిపిస్తే మళ్ళీ తీసుకుంటానేమోనని కళ్ళు మూసుకుని, పారను తల చుట్టూ మూడుసార్లు తిప్పి నడి ఏట్లోకి విసిరేశాడు. గెలిచానని గట్టిగా కేక పెట్టాడు. సరిహద్దులో యుద్ధం గెలిచి అటుగా వస్తున్న రాజు ఆ కేక విని, ఏమిటి నీ గెలుపు అని అడిగాడు. తన మనసును తాను గెలిచానన్నాడు పార పండితుడు.

కథ గొప్పది. అంబేద్కర్ గారు 1956లో నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నారని మనం ఏటా ఏప్రిల్ 14న చెప్పుకుంటాం గానీ, ఆ బౌద్ధంలో పార పట్టిన మనిషిని పండితుడన్న కథ ఒకటి ఉందని ఎవరూ చెప్పలేదు. ఏ మాటైతే మన బడిలో తిట్టో, ఆ మాటే అక్కడ పండితుడి పేరు.

అయితే ఈ కథ చదివాక మేము గెలుపు దగ్గర ఆగలేదు. ఆరుసార్లు వెనక్కి రావడం దగ్గర ఆగిపోయాం. ఆ మనిషిని మేము ఎరుగుదుం. మన హాస్టల్లో చాలామంది అతనే. మిరప కోతలకు నెల రోజులు బడి మానేసి మళ్ళీ వచ్చిన వాళ్ళం ఎంతమందిమి లేము! అమ్మకు జ్వరమొస్తే, అప్పు వాయిదా మీద పడితే, చెల్లి పెళ్ళి కుదిరితే పుస్తకాల సంచి గోడకు తగిలించి పార భుజాన వేసుకున్న వాళ్ళం ఎందరం! కాశీ పండితుడు మనసు లాగితే వెనక్కి వెళ్ళాడు. మన వాళ్ళను లాగింది మనసు కాదు, పొయ్యి.

మా బ్యాచ్‌లో మాకంటే చక్కగా చదివేవాడు ఒకడున్నాడు. పేరు రాయడం లేదు, అప్పటి వాళ్ళందరికీ తెలుసు. పదో తరగతిలో లెక్కలు మాకు చెప్పింది వాడే. ఇంటర్ మొదటి ఏడు సగంలో ఇంటి పరిస్థితి వల్ల ఆపేసి హైదరాబాదు వెళ్ళాడు. ఇప్పుడు కట్టడం పనిలో ఉన్నాడు. రోజూ పారతోనే ఇసుక, సిమెంటు కలుపుతాడు. ఈ జాతక కథ చదివిన రాత్రి వాడికి ఫోన్ చేసి మొత్తం చెప్పాం. శ్రద్ధగా విన్నాడు. చివరికి, “ఆయనకు ఏడుసార్లు కుదిరింది రా. మనకు ఒక్కసారి పోతే పోయినట్టే గదా” అన్నాడు. మేము ఏమీ మాట్లాడలేకపోయాం. వాడే మళ్ళీ నవ్వి, “పారకు అన్ని భాషల్లో పేర్లున్నయన్నవ్ గదా, అవి చెప్పు, ఇక్కడ బెంగాల్ వాళ్ళు ఉన్నరు, అడుగుత” అన్నాడు. మర్నాడు సాయంత్రం వాడే ఫోన్ చేశాడు. కోదాల్ అనే అంటున్నరు రా, పుస్తకం కరెక్టే అని. పుస్తకంలోది నిజమో కాదో పని చోట తేల్చి చెప్పినవాడు వాడు. ఎం.ఏ. చదువుతున్న మాకు అది తోచలేదు.

ఇంగ్లిషు సంగతి కూడా చెప్పి ముగిస్తాం. స్పేడ్ అంటే పార అని మనం బట్టీ పట్టాం. నిజానికి ఆ రెండూ ఒకటి కావు. వాళ్ళ స్పేడు తిన్నగా ఉంటుంది, దాన్ని బూటు కాలితో తొక్కి నేలలోకి దించుతారు. మన పార కామకు వంగి ఉంటుంది, ఎత్తి కొట్టి మన వైపు లాక్కుంటాం. చెప్పుల్లేని కాళ్ళకు మన పారే సరిపోతుంది. ఇక్కడికి వచ్చిన తెల్లవాళ్ళకు కూడా ఈ తేడా తెలిసింది. తమ స్పేడ్ అనే మాట దీనికి చాలక, తమిళుల మాట మణ్‌వెట్టిని తీసుకుని ‘మమోటీ’ చేసుకున్నారు. మణ్ అంటే మన్ను, వెట్టి అంటే నరికేది. 1886లో అచ్చయిన హాబ్సన్ జాబ్సన్ అనే ఇంగ్లిషు నిఘంటువులో ఆ మాట ఉంది. మన కూలి వాళ్ళ పనిముట్టు పేరు దొరల లెక్కల పుస్తకంలోకి ఎక్కిందన్న మాట.

పేకముక్కల్లో ఇస్పేటు ఉంది గదా, దాన్ని ఇంగ్లిషులో స్పేడ్ అంటారు కాబట్టి అది కూడా పారే అనుకుంటారు చాలామంది. అది పార కాదు, కత్తి. ఇటలీ భాషలో స్పాదా అంటే కత్తి. రెండూ కలిసిపోయి ఇంగ్లిషు వాళ్ళు పేక మీద పార బొమ్మ చూస్తున్నామనుకుంటున్నారు. అలాగే ఉన్నదున్నట్టు మాట్లాడటాన్ని వాళ్ళు పారను పార అనడం అంటారు. మూలంలో గ్రీకులు అన్నది పార కాదు, తొట్టి. ఎరాస్మస్ అనే పండితుడు లాటిన్‌లోకి తెచ్చేటప్పుడు తవ్వే పనిముట్టు మాట వేశాడు. 1542లో నికొలస్ యూడల్ ఇంగ్లిషులో స్పేడ్ అన్నాడు. చూశారా, పెద్ద పండితుల చేతిలో కూడా మాట జారుతుంది. వాళ్ళ చేతిలో జారితే సామెత, మన నోట్లో మారితే తప్పు!

కానీ పండితులందరూ ఒకలా లేరు. ఈ మాట చెప్పకపోతే అన్యాయం. పాత తెలుగు నిఘంటువులు ఎక్కువగా కావ్యాల నుంచి మాటలు ఏరుకునేవి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు అలా కాకుండా పల్లెల్లో రైతులను, కూలీలను అడిగించి మాటలు పోగు చేయించి, మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ దాన్ని 1962లో అచ్చు వేసింది. అది మొత్తం వ్యవసాయం మాటలే. తర్వాత 1971లో చేనేత మాటల సంపుటం వచ్చింది. మన గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల భాషకు స్టీఫెన్ టైలర్ అనే ఆయన 1969లో వ్యాకరణం రాసి అచ్చు వేశాడు. లైబ్రరీలో వృత్తిపదకోశం తెరిచినప్పుడు మాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేం. నాగలి భాగాలకు, గొర్రుకు, కాడికి జిల్లా జిల్లాకు ఉన్న పేర్లు, మా ఇంట్లో వాళ్ళు రోజూ అనే మాటలు, అచ్చులో, విశ్వవిద్యాలయం బీరువాలో! చదువురాని వాళ్ళు చెబితే చదువుకున్న వాళ్ళు రాసుకున్న పుస్తకం అది.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా మా నాయనకు చెప్పాం. ఆయన బీడీ ఆర్పి, “పారకు గూడ పుట్టిల్లు ఉంటదారా?” అని అడిగాడు. ఉంటది నాయనా, తమిళదేశంలో, కన్నడ దేశంలో అన్నదమ్ములున్నరు అన్నాం. కాసేపు ఊరుకుని, “మరి పలుగుకో? తొలికకో? కొంకికో? అయ్యెక్కడియి?” అని వరుసగా అడగడం మొదలుపెట్టాడు. మేము నోట్‌బుక్ తీశాం. ఆ రాత్రి పడుకునే లోపల మా నాయన, మా అమ్మ కలిసి అరవై రెండు మాటలు చెప్పారు. అందులో పదిహేను మాటలు మేము ఎప్పుడూ విననివి. మా అమ్మ మధ్యలో మా నాయనను రెండుసార్లు దిద్దింది కూడా. ఇన్నాళ్ళూ మేము చదువుకుని వచ్చి వాళ్ళకు చెప్పడమే జరిగింది. ఆ రాత్రి వాళ్ళు చెబుతుంటే మేము రాసుకున్నాం.

మా నాయనకు నడుము నొప్పి. వచ్చే ఏడాది మాకు ఏదో ఒక ఉద్యోగం వస్తే పని మానిపించాలని మా ఆశ. అప్పుడు కూడా ఆ పారను పారేయం. కుద్దాల పండితుడి మీద మాకు గౌరవమే. కానీ ఆయన గెలవాల్సింది పార మీద మోజును. మనం గెలవాల్సింది పార అనే మాటకు అంటించిన చులకనను. దానికి పారను ఏట్లో విసరాల్సిన పని లేదు. ఫారంలో తండ్రి వృత్తి అని ఉన్న చోట వ్యవసాయ కూలి అని తడబడకుండా రాస్తే చాలు. అలా రాయొద్దు, వ్యవసాయం అని రాస్తే మర్యాదగా ఉంటుందని మాకు సలహా ఇచ్చిన వాళ్ళున్నారు. మేము మాత్రం కూలి అనే రాస్తూ వచ్చాం. తమ్ముళ్ళూ, పార పట్టుకోమని మేము మీకు చెప్పడం లేదు. బాగా చదవండి, పెద్ద ఉద్యోగాలు చేయండి. పార పట్టిన మనిషి పేరు చెప్పడానికి మాత్రం తల దించకండి.

చివరగా ఒక చిన్న కోరిక. సంక్రాంతి సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఒక్కొక్కరు పది మాటలు రాసుకుని రండి. పనిముట్ల పేర్లు, వాటి భాగాల పేర్లు, చెట్ల పేర్లు, చేపల పేర్లు, ఏవైనా సరే. కోయ తమ్ముళ్ళు కోయ మాటలు తెలుగు లిపిలో రాయండి. ఎవరు చెప్పారో, ఏ ఊరో పక్కనే రాయండి. దిద్దకండి, ఇంట్లో ఎలా అంటే అలాగే రాయండి. హాస్టల్లో వంద మంది ఉంటే వెయ్యి మాటలవుతాయి. వచ్చే వార్షికోత్సవానికి వాటిని ఈ సంచికలోనే వరుసగా అచ్చు వేద్దాం. అందుకు మా వంతుగా అరవై రెండు మాటల నోట్‌బుక్‌ను ఈ వ్యాసంతో పాటే పంపిస్తున్నాం. మొదటి పేజీలో మొదటి మాట గడపార. ఎర్ర సిరా పెట్టలేదు.